బాల సింహాసనం – మొదటి దశ

"నేటి నుంచి మన పాలనలో ఏ పసిబిడ్డా కారులో పల్లంలో కూర్చోదు. ప్రతి బిడ్డా సింహాసనం మీదే కూర్చుంటుంది!"

రవాణా శాఖ మంత్రిగారు ఈ మాట ప్రకటించగానే హాలంతా చప్పట్లతో దద్దరిల్లిపోయింది. అందరికంటే ముందు కొట్టింది నేనే. మంత్రిగారు నాకు స్వయానా బావగారు కావడం దీనికి కారణం కాదు. ముందు వరసలో కూర్చున్నవాడు మొదలుపెట్టకపోతే వెనకవాళ్ళకి ఎక్కడ కొట్టాలో తెలియదు.

నా గురించి ఒక్క ముక్క. అక్కయ్య కాపురానికి వచ్చినప్పుడు సామాను దించడానికి వెంట వచ్చినవాణ్ణి. తిరిగి వెళ్ళడానికి ఇంతవరకూ వీలు చిక్కలేదు. ప్రస్తుతం బావగారికి గౌరవ సలహాదారుణ్ణి. నన్ను ఇప్పటిదాకా ఎవరూ సలహా అడగలేదు. అందుచేత నా సలహా బెడిసికొట్టిన సందర్భం ఒక్కటి కూడా లేదు.

ఇక పథకం గురించి. కార్లలో బెల్టులు పెద్దవాళ్ళ కొలతలకి చేసినవి. అయిదారేళ్ళ పిల్లలకి పెడితే పై పట్టీ మెడకి ఒరుసుకుంటుంది, కింది పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది. అందుకని పిల్లల్ని కాస్త ఎత్తు మీద కూర్చోబెట్టే గట్టి సీటు ఒకటుంది. దాన్ని బూస్టర్ సీటు అంటారు. దాని మీద కూర్చుంటే బెల్టు భుజం మధ్యలోంచి దిగి, కింద తుంటి ఎముకల మీద సరిగ్గా పడుతుంది. ఇదంతా నాకు మా మేనకోడలు చెప్పింది. బావగారికీ చెప్పింది. బావగారు "ఎత్తు మీద కూర్చోబెట్టే" అన్నంతవరకు విని లేచారు. ఆయనకి సమయం తక్కువ.

ఆ సమావేశంలో ఓ కుర్ర విలేకరి చెయ్యెత్తాడు. "అయ్యా, మరి బెల్టు సంగతి?"

"మంచి ప్రశ్న," అన్నారు బావగారు. ఆయన మంచి ప్రశ్న అన్నారంటే దగ్గర జవాబు లేదని అర్థం. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలుసు. "చూడు బాబూ, అన్నీ ఒక్కసారే ఇచ్చేస్తే ప్రజలు తట్టుకోలేరు. మొదటి దశలో సీటు. రెండో దశలో బెల్టు."

"బెల్టులు కార్లలో ఎప్పట్నించో ఉన్నాయి కదండీ?"

"ఉన్నాయి. అవి గత ప్రభుత్వ హయాంలోవి."

మళ్ళీ నేనే ముందు కొట్టాను.

ఇంత గొప్ప పథకం ఎలా పుట్టిందో పత్రికల్లో రాలేదు. అది మా ఇంట్లోనే పుట్టింది. బావగారికి ఒక్కతే కూతురు, మా మేనకోడలు, ఎముకల డాక్టరు. ఆమెకి ఒక్కతే కూతురు. ఆరేళ్ళ పిల్ల. ఒకచోట నిలవదు, నోరు ఆగదు. అందరం పిచ్చుక అంటాం. రెండు వీధుల అవతల ఉంటారు. పిచ్చుక వచ్చిందంటే బావగారు ఫైళ్ళు పక్కనపెట్టి ఏనుగవుతారు, గుర్రమవుతారు, అవసరమైతే ప్రతిపక్షం కూడా అవుతారు.

కానీ పిచ్చుక బావగారి కారెక్కదు.

ఆ పిల్లకి వాళ్ళమ్మ ఒక్కటే నేర్పింది. బెల్టు టిక్కుమనాలి. అందరి బెల్టులూ టిక్కుమంటేనే కారు కదులుతుంది. బావగారి కారులో టిక్కుమనేందుకు ఏమీ లేదు. కిందటేడు ఆ కారు వెనక సీటుకి పార్టీ రంగులో మెత్తటి మఖమలు కవరు కుట్టించారు. బెల్టులూ, వాటి కొక్కేలూ అన్నీ ఆ కవరు కింద సమాధి అయ్యాయి. బావగారికి అదేం లోటుగా తోచలేదు. "మంత్రిని కారు వెనక సీట్లో కట్టేసి తీసుకెళ్తుంటే జనం ఏమనుకుంటారోయ్? అరెస్టయ్యాననుకోరూ?" అనేవారు. అదీ నిజమే. అలా అనుకోవడానికి జనం సిద్ధంగానే ఉన్నారు.

ఓ రోజు ముచ్చటపడి పిచ్చుకని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. అది సీటంతా తడిమింది. మఖమలు తప్ప ఏమీ తగల్లేదు. "తాతయ్యా, మీ కారు పాడైపోయింది," అని జాలిగా చెప్పి దిగిపోయింది.

ఆ పూట బావగారు సరిగా భోంచెయ్యలేదు. "ఇంత పెద్ద శాఖ నా చేతిలో ఉంది. లారీలు నేను ఆగమంటే ఆగుతాయి. నా మనవరాలు నా కారెక్కదోయ్," అన్నారు నాతో. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదటిసారి. నాకూ బాధేసింది.

మామూలు మనిషయితే ఓ బ్లేడు తీసుకుని ఆ కవరు కోసేసేవాడు. బావగారు మామూలు మనిషి కాదు. పథకం పెట్టారు.

*

నమూనా సీటు ఖరారు చెయ్యడానికి బావగారి ఆఫీసు గదిలో సమావేశం జరిగింది. పీఎస్ గారు, అంటే బావగారి ప్రైవేట్ సెక్రటరీ, బల్ల మీద బూస్టర్ సీటు ఒకటి పెట్టారు. నల్లగా, సాదాగా, బుద్ధిగా ఉంది.

బావగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "ఇందులో ప్రభుత్వం ఎక్కడుంది?"

"తమరి ఫొటో వేయిద్దామండి," అన్నారు పీఎస్ గారు.

"ఎక్కడ?"

"సీటు మీదేనండి. నిండుగా."

అందరూ తలలూపారు. నేను మాత్రం, "పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?" అన్నాను. అది సలహా కాదు, సందేహం. బావగారి చెవులు ఎర్రబడ్డాయి. పీఎస్ గారు ఫొటోని మనసులోనే వెంటనే అక్కణ్ణించి తీసేశారు.

అలా సీటుకి వీపు వచ్చింది. ఎత్తుగా ఓ అట్ట, అంచులకి బంగారు రంగు, పైభాగంలో బావగారి చిరునవ్వు. పేరు కూడా అప్పుడే పెట్టారు, బాల సింహాసనం. దాన్ని కిందికి తీసుకెళ్ళి ఆవరణలో ఉన్న ఓ ఆఫీసరు కారులో పెట్టి, ఒక బొమ్మని కూర్చోబెట్టి, బెల్టు లాగి చూశారు. పైనుంచి దిగిన బెల్టు సరిగ్గా బావగారి కుడికన్ను మీదుగా ఎడమ దవడ దాకా పోయింది.

"నన్ను గీత పెట్టి కొట్టేసినట్టుంది," అన్నారు బావగారు మెల్లగా.

"ఫలితాల రోజు ఓడినవాళ్ళని టీవీలో ఇలాగే చూపిస్తారు," అన్నాను నేను. ఇదీ సలహా కాదు.

"బెల్టు పక్కకి జరపండి."

"జరిపితే బిడ్డ జారుతుందండీ."

"పోనీ ఫొటో..." అని ఎవరో అనబోయి, ఎవరన్నారో తెలియకుండానే ఆగిపోయారు.

పీఎస్ గారి అనుభవం అలాంటి చోటే తెలుస్తుంది. "సార్, బెల్టు రెండో దశ కదండీ," అని గుర్తుచేశారు. గుండెల మీంచి బండ దించినట్టయింది అందరికీ. బావగారు టీ చెప్పించారు.

*

ఆదివారం మధ్యాహ్నం మా మేనకోడలు ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చింది. హాల్లో సోఫా మీద బాల సింహాసనం ఉంది. దాన్ని ఓ చేత్తో ఎత్తి చూసింది. వెనక అట్టని వేలితో నొక్కింది. అట్ట లోపలికి పోయింది. బావగారి చిరునవ్వు కాస్త వంకరైంది.

"నాన్నా, ఇది పీట. మీదో అట్ట అంటించారు."

"సింహాసనం అమ్మా."

"పేరేదైనా పెట్టుకో. బెల్టు లేకుండా దీని మీద పిల్లని కూర్చోబెట్టి బ్రేకు వేస్తే పిల్లా ఎగురుతుంది, పీటా ఎగురుతుంది. అసలు పిల్ల లేనప్పుడు ఖాళీ సీటుకి కూడా బెల్టు పెట్టే ఉంచాలి. లేకపోతే అదే వచ్చి ముందువాళ్ళ నెత్తిన పడుతుంది."

"మన ప్రభుత్వంలో అలాంటివి జరగవమ్మా."

"బ్రేకు ఏ ప్రభుత్వమైనా ఒకేలా పడుతుంది నాన్నా." సింహాసనం కింద పెట్టి ఆయన పక్కన కూర్చుంది. "నా దగ్గరికి వచ్చే పిల్లల్ని చూస్తుంటాను. వాళ్ళ అమ్మానాన్నల ముఖాలు చూస్తుంటాను. 'ఇదిగో ఈ వీధి చివరికే కదా అనుకున్నాం డాక్టరుగారూ' అంటారు. నువ్వు చెబితే లక్షమంది వింటారు. అందుకే భయం నాకు."

కళ్ళు తుడుచుకుంది. సభల్లో ఆయన్ని ఎవరూ ఆపలేరు గానీ కూతురు కళ్ళు తుడుచుకుంటే ఆగిపోతారు.

"ప్రారంభోత్సవానికి పిచ్చుకని పంపిస్తావా?" అన్నారు చివరికి. "నా కారులో, నా పక్కన. ఒక్కసారి."

"బెల్టు ఉంటే వస్తుంది."

"ఉంటుందమ్మా. నా మాట."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అప్పటికప్పుడు పీఎస్ గారికి ఫోన్ చేసి, "సింహాసనానికి బెల్టు పెట్టండి," అని ఆదేశించారు. ఆదేశం వెంటనే అమలైంది. సిల్కు గుడ్డతో, పార్టీ రంగులో, కొసలకి కుచ్చులతో ఒక బెల్టు కుట్టించి సింహాసనం అట్టకి జిగురుతో అంటించారు. ఫొటోకి అడ్డం రాకుండా బాగా కిందగా పెట్టారు. రెండు కొసలూ కలిపి ముడి వేసుకుంటే పువ్వులా వస్తుంది.

*

ప్రారంభోత్సవం రోజు మైదానం కిటకిటలాడింది. కెమెరాలు, మైకులు, మూడు టీవీ చానళ్ళ ప్రత్యక్ష ప్రసారం. బావగారి కారు వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మఖమలు మీద బాల సింహాసనం కొలువుదీరింది. పిచ్చుకని బావగారు రెండు చేతులా ఎత్తి దాని మీద కూర్చోబెట్టారు. సిల్కు కొసలు కలిపి తన చేత్తోనే పువ్వు ముడి వేశారు. ఫ్లాషులు టపటపా మెరిశాయి.

పిచ్చుక తల వంచి ముడి చూసింది. చెవి రిక్కించింది.

"టిక్కుమనలేదు తాతయ్యా."

"అంటుంది తల్లీ. ఒక్క నిమిషం. ఫొటో."

"ఇంకా అనలేదు."

పీఎస్ గారు సమయస్ఫూర్తికి పెట్టింది పేరు. కారుకి అవతలివైపు వంగి, జేబులోంచి పెన్ను తీసి టిక్కుమనిపించారు.

"అది పెన్ను," అంది పిచ్చుక. మైకు దగ్గరగా ఉండడంతో మైదానమంతా విన్నది.

మా మేనకోడలు జనంలోంచి వచ్చింది. ఎవరినీ ఏమీ అనలేదు. ముడి కొస లాగితే పువ్వు ఊడిపోయింది. దాంతోపాటు అట్టకి అంటించిన కొస కూడా ఊడి చేతికొచ్చింది. దాన్ని మడిచి బావగారి చేతిలో పెట్టి, పిల్లని ఎత్తుకుని దిగింది.

బావగారి ముఖం చూడలేకపోయాను. చేతిలో సిల్కు గుడ్డ, ఎదురుగా కెమెరాలు, వెనక అయిదేళ్ళ రాజకీయం. అప్పుడు పిచ్చుక వాళ్ళమ్మ చంక దిగి వచ్చి ఆయన చూపుడువేలు పట్టుకుంది.

"మా కారు బాగానే ఉంది తాతయ్యా. అందులో వెళ్దాం రండి."

"సార్, ప్రోటోకాల్..." అన్నారు పీఎస్ గారు. మేనకోడలి కారు పాతది, చిన్నది. వెనక తలుపుకి సొట్ట కూడా ఉంది. బావగారు ఆ సొట్టని చూశారు, వేలు పట్టుకున్న చేతిని చూశారు. ఆ వేలు వెంటే నడిచారు. కారు ఎక్కబోతూ మాత్రం కెమెరాల వైపు తిరిగి, "సామాన్యుడి కారులో ప్రయాణించాలన్నది నా చిరకాల వాంఛ," అన్నారు. నేను చప్పట్లు కొట్టాను.

లోపల పిచ్చుక తన నల్లటి సాదా బూస్టర్ మీద కూర్చుంది. వాళ్ళమ్మ బెల్టు లాగి, మెలికలు లేకుండా సరిచేసి పెట్టింది. టిక్కుమంది. "తాతయ్యా, మీరు," అంది పిచ్చుక. బావగారు పట్టీ ఎక్కడుందో వెతుక్కుంటుంటే అదే చూపించింది. టిక్కుమంది.

అయితే కార్యక్రమం పత్రం ప్రకారం ఊరేగింపులో ముందు నడవాల్సింది మంత్రిగారి కారు. మంత్రిగారు లేకపోయినా కారు ఉంది, సింహాసనం ఉంది, ఫొటో ఉంది. "ప్రభుత్వం తరఫున మీరు కూర్చోండి," అని పీఎస్ గారు నన్ను ముందు సీట్లో ఎక్కించారు. నా బెల్టు పెట్టుకుందామంటే ఆ కొక్కెంలో ముందే ఓ ఇనప ముక్క దిగేసి ఉంది. బెల్టు పెట్టుకోకపోతే కారు కీచుకీచుమని గోల చేస్తుందని, ఆ గోల బావగారి నిద్రకి భంగమని, డ్రైవరు ఆ ముక్కని ఎప్పుడో బిగించాడు. కారుకి అబద్ధం చెప్పి నోరు మూయించడం చిన్న విషయం కాదు. మనసులోనే మెచ్చుకున్నాను.

ఊరేగింపు నెమ్మదిగా కదిలింది. రోడ్డుకి రెండువైపులా జనం. వీధి మలుపులో ఓ కుక్క, దానికి కార్యక్రమం పత్రం అందలేదు కాబోలు, కారుకి అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు.

నేను వెళ్ళి ముందున్న డాష్‌బోర్డుకి నమస్కారం పెట్టాను. తల ఎత్తేలోగా నా చెవి పక్కనుంచి ఏదో దూసుకొచ్చి, భుజాన్ని గట్టిగా తన్ని, అద్దానికి ఠప్పున కొట్టుకుంది. చూస్తే సింహాసనం. అట్ట ముందు అద్దానికి అతుక్కుపోయింది. బయట జనానికి బావగారు చిరునవ్వుతో దర్శనమిచ్చారు. ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని జనం పెద్దగా చప్పట్లు కొట్టారు. ఈ ఒక్కసారి నేను ముందు కొట్టలేకపోయాను. నా నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి లేచింది. ఆ విధంగా బాల సింహాసనం పథకం తొలి లబ్ధిదారుణ్ణి నేనే.

మా వెనకే వస్తున్న మేనకోడలి కారు కూడా అంతే గట్టిగా ఆగింది. తలుపు తీసుకుని బావగారు దిగారు. ముఖం పాలిపోయింది. ఓ చెయ్యి గుండె మీద, బెల్టు ఆయన్ని పట్టి ఆపిన చోట ఉంది. లోపల్నించి పిచ్చుక, "మళ్ళీ ఒకసారి ఆపమ్మా!" అని కేరింతలు కొడుతోంది. ఆయన వంగి దాన్ని తల నుంచి పాదాల దాకా తడిమి చూసుకున్నారు. తర్వాత మా కారు దగ్గరికి వచ్చి అద్దానికి అతుక్కున్న తన ముఖాన్ని చాలాసేపు చూశారు. కాసేపటి కింద అదే సింహాసనం మీద ఎవరు కూర్చుని ఉన్నారో ఆయనకి గుర్తొచ్చిందని నాకు అర్థమైంది. ఆయన నా వైపు తలుపు తీశారు.

"ఏమోయ్, బతికే ఉన్నావా?"

"ఉన్నాను బావగారూ."

"అయితే పథకం విజయవంతమేనండి," అన్నారు పీఎస్ గారు.

*

ఆ సాయంత్రమే సీటు కవర్లు కుట్టేవాణ్ణి పిలిపించారు. గేటు మూసి, పెరట్లో కారు పెట్టించి, మఖమలు కోయించారు. బావగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక్కో బెల్టూ బయటికొస్తుంటే తనే లాగి చూశారు. డ్రైవరు బిగించిన ఇనప ముక్కని తనే పీకి అవతల పారేశారు. మేనకోడలితో వెళ్ళి నల్లటి సాదా బూస్టర్ కొనుక్కొచ్చారు. పై పట్టీ చంక కింద నుంచి పోకూడదని, కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి మీద ఉండాలని, పిల్ల వీపు ఆనించి కూర్చోవాలని శ్రద్ధగా నేర్చుకున్నారు. నన్ను కూర్చోబెట్టి రెండుసార్లు సాధన చేశారు. ఆయన అంత శ్రద్ధగా ఏదైనా నేర్చుకోవడం నేను చూడలేదు.

"ఈ సంగతి బయటికి పొక్కకూడదోయ్," అన్నారు.

బయట పత్రికా ప్రకటన వేరే వెళ్ళింది. ఆకస్మిక బ్రేకు పరీక్షలో బాల సింహాసనం చెక్కుచెదరలేదని, ఫొటోకి గీత కూడా పడలేదని, పంపిణీ యథాతథంగా సాగుతుందని. ప్రచారానికి ఫొటో కావాలి కదా, పిచ్చుక ఎలాగూ రాదు. పీఎస్ గారు డ్రైవరు కూతుర్ని పిలిపించారు. దానిదీ అదే ఈడు. సింహాసనం మీద కూర్చోబెట్టి, రెండు జడలూ సరిచేసి ఫొటో తీశారు. తర్వాత ఆ సింహాసనం దానికే బహూకరించారు. డ్రైవరుకి ఓ పాత కారుంది. ఎంతో సంతోషంగా పట్టుకెళ్ళాడు.

వారం తిరక్కుండానే బావగారి కోరిక తీరింది. బడి రోజు పొద్దున్నే పిచ్చుక ఆయన కారెక్కింది. మేనకోడలు అన్నీ లాగి చూసి, "సరే నాన్నా," అని ఆసుపత్రికి వెళ్ళిపోయింది. బావగారు తనే మోకాలు వంచి మనవరాలి బెల్టు పెట్టారు. టిక్కుమంది. తనది పెట్టుకున్నారు. టిక్కుమంది. "చిన్న తాతయ్యా, నువ్వు?" అంది పిచ్చుక ముందు సీట్లో ఉన్న నాతో. నేనూ పెట్టుకున్నాను. డ్రైవరూ పెట్టుకున్నాడు. "ఇప్పుడు పోనీ," అంది. బావగారి ముఖం వెలిగిపోయింది. మంత్రి పదవి వచ్చిన రోజు కూడా ఆయన అలా నవ్వలేదు.

పీఎస్ గారు ఫోన్ చేశారు. రెండో దశ ఫైలు ఎప్పుడు పంపమంటారని. "తొందరేముందయ్యా, ఎన్నికలు రానీ," అన్నారు బావగారు, పిచ్చుక భుజం మీద పట్టీ సర్దుతూ.

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఎదురుగా కొత్త హోర్డింగు. మూడంతస్తుల ఎత్తు. బంగారు అంచు సింహాసనం, దాని మీద రెండు జడల పిల్ల, తల మీద బావగారి చిరునవ్వు. బొమ్మ చాలా బాగా వచ్చింది. ఫొటోకి ఎక్కడా ఏ అడ్డమూ లేదు.

"తాతయ్యా," అంది పిచ్చుక. "ఆ పాపకి బెల్టు లేదేం?"

డ్రైవరు కూడా తలెత్తి హోర్డింగు చూస్తున్నాడు.

బావగారు గొంతు సవరించుకున్నారు. "ఆ పాపది ఇంకా మొదటి దశ, తల్లీ."